లేని మనిషి జీతంలో కోత

మీ ఇంటి మనిషి దవాఖాన మంచం మీద ఉండగా, బీమా రద్దయింది, బిల్లంతా మీరే కట్టాలి అని చెబితే మొదట ఎవరి దగ్గరికి పరుగెత్తుతారు? పూజారి దగ్గరికా, వడ్డీ వ్యాపారి దగ్గరికా? నిజం చెప్పండి. మా ఇంట్లో అలాంటి గడపలన్నీ తొక్కిన తరువాతే కనకయ్య సారు గుర్తొచ్చారు.

ఆ సారు మొన్న ఆదివారం వెళ్లిపోయారు. మట్టెవాడలో తన ఇంటి అరుగు మీద మధ్యాహ్నం దాకా మాతో వాదించి, అన్నం తిని నడుం వాల్చారు, మళ్లీ లేవలేదు. కబురు విని నమ్మలేకపోయాను. రుజువు లేనిదే నమ్మవద్దని నేర్పింది ఆయనే. వెళ్లి చూశాను. నలగకుండా, ఎవరినీ నలపకుండా పోయారన్నది ఒక్కటే ఊరట.

హసన్‌పర్తి బడిలో నాకు పాఠం చెప్పిన ఈ మనిషి, ఆదివారం చర్చల్లో దేవుణ్ణీ దయ్యాన్నీ కులాన్నీ ఒకే బోనులో నిలబెట్టేవారు. గొంతు పెంచేవారు కాదు. కాళ్లకు దండం పెట్టబోతే చేతులు పట్టుకుని పైకి లేపేసేవారు. "అడగనీకి సిగ్గుపడేటోడు మొక్కనీకి సిగ్గుపడడు" అన్నది ఆయన మాట.

మా బావ మల్లేశం జిన్నింగు మిల్లులో పనివాడు. అక్కడొక ఆనవాయితీ ఉంది: జాతరకో మొక్కుకో పోయేవాడు తన ఇత్తడి హాజరు బిల్లను తమ్ముడికో బామ్మర్దికో ఇచ్చి తన బదులు పనికి, బద్లీగా, పంపుతాడు. పని ఆగదు, హాజరు పోదు. బావ కూడా తమ్ముణ్ణి పంపి మొక్కుకు నడిచి వెళ్లాడు. ఆఫీసువాళ్లు బిల్ల తమ్ముడి చేతిలో చూసి, బావ పని మానేశాడని తేల్చి, జీతంలో కోసి కట్టే దవాఖాన బీమాను రద్దు చేశారు. మాకు చెప్పలేదు. బావ భార్య, మా అక్క లచ్చక్కకు కడుపు ఆపరేషన్ అయ్యాక బిల్లు చేతికొచ్చినప్పుడే తెలిసింది. కుట్లు విప్పారు, బిల్లు కడితేగాని ఇంటికి పంపేది లేదన్నారు.

వాడలో అమ్మవారు పూనే శివసత్తి ఊగిపోయి, అమ్మవారు అలిగింది, యాటను, అంటే మేకపోతును, కొయ్యాలంది. విచిత్రం చూడండి: బిల్లుకు పుట్టని అప్పు యాటకు పుట్టింది!

సారు బావను అడిగింది ఒక్కటే.

"మల్లేశం, నువ్వు మొక్కుకు పోయిన నెల జీతంల బీమా కోత పడ్డదా?"

"పడ్డది సారూ."

"అయితే అమ్మవారు అలగలే. నడువు ఆఫీసుకు."

నేనూ వెంట వెళ్లాను. మేనేజరు సారును చూసి నవ్వాడు. "మీరు నాస్తికులు గద? మొక్కుకు పోయినోని దిక్కు మాట్లాడవడితిరి?"

"దేవుడు లేడంట నేను. వీని పెండ్లాం లేదని అన్ననా? ఆ నెల బీమా కోత కోసిన్రా?"

"కోసినం."

"ఎవల పేరు మీద?"

"మల్లేశం పేరు మీదనే."

"పని మానేసి పోయినోని జీతంల ఎట్ల కోసిన్రు సారూ? ఉన్నడా, లేడా? రెండిట్ల ఒకటి చెప్పున్రి."

మేనేజరు గుమాస్తాను పిలిచి జీతాల పుస్తకం తెప్పించాడు. సారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు, జవాబు వచ్చేదాకా లేచేది లేదన్నట్టు. సాయంత్రానికి పొరపాటైందని ఒప్పుకున్నారు. బీమా తిరిగి నిలిచింది, బిల్లు భారం మా మీది నుంచి దిగింది. లచ్చక్క రిక్షా దిగి మా వాకిట్లో నిలబడ్డప్పుడు నేను విడిచిన ఊపిరి ఇప్పటికీ హాయిగానే ఉంది.

మా అమ్మ మాత్రం యాటను కోసింది! సారును పిలిచింది కూడా. ఆయన వచ్చి, శుభ్రంగా తిని, చెయ్యి కడుక్కుంటూ అడిగారు: "కూర మంచిగున్నది అవ్వా. ఇగ చెప్పు, మేనేజరుకు పూనకం ఎవలు తెచ్చిన్రు?" అమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "నువ్వే తెచ్చినవ్ తియ్ సారూ. రెండు ముక్కలు ఎక్కువేసిన గద!"

బద్లీని పంపి బీమా పోగొట్టుకున్నవాళ్లు ఆ మిల్లులో ఇంకా ఉన్నారు. ఆయన ఒక్కొక్కరిని బతిమాలి వెంటబెట్టుకుని వెళ్లారు. కొందరు భయపడి రాలేదు. వాళ్ల కోసమే మొన్న ఆదివారం కూడా మాతో వాదించారు. ఆ కుర్చీలో అలా కూర్చోగల మనిషి మాకు మళ్లీ దొరకడు.

చివరిచూపు నాడు లచ్చక్క నన్ను అడిగింది: "దండం పెడితే సారుకు కోపం. మరి ఏం బెట్టాలె తమ్మీ?"

దానికి జవాబు ఇప్పుడు చెబుతున్నాను, ఆమెకూ మీకూ. పూలదండలు తేకండి. మీ వాడలో జీతంలో బీమా కోత పడుతూనే బీమా పోయినవాడు ఉంటే, రేపు పొద్దున అతని ఇంటి తలుపు తట్టండి. అతని వెంట ఆఫీసు దాకా నడవండి. కుర్చీ లాక్కుని కూర్చోండి. అడగండి.