అవ్వకు జాగ

చౌటుప్పల్‌లో ఒక మందుల కంపెనీలో రమ ప్యాకింగ్ పని చేస్తుంది. ఆమె, భర్త అమరేందర్, మూడో తరగతి చదివే కూతురు మనీష ఉండేది ఒకే ఒక్క కిరాయి గదిలో. వంట, పడక, చదువు అన్నీ అందులోనే.

పోయిన వానాకాలం రమ అత్త ఈదమ్మకు కంటి ఆపరేషన్ అయింది. నెల రోజులు కంట్లో చుక్కలు వేయాలని దవాఖానలో చెప్పారు. కేతేపల్లిలో ఆమె ఒక్కతే ఉంటుంది కాబట్టి కొడుకు తన దగ్గరికే తెచ్చుకున్నాడు. ఉన్న ఒక్క మంచం ఆమెకిచ్చి, ముగ్గురూ కింద సర్దుకున్నారు.

పదో రోజుకు రమకు ఓపిక పోయింది. పొద్దున్నే అత్త బయట మొహం కడుక్కుంటుంటే భర్తతో మెల్లగా అంది.

"ఇంకెన్ని దినాలుంటది? కాళ్లు సాపే జాగ లేదు. ఊర్లె ఎవలతోనన్న చుక్కలేయించుకోరాదా?"

మనీష నిద్రలో ఉందనుకుంది.

ఆ సాయంత్రం రమ అత్త కంట్లో మందు వేస్తుంటే, మనీష తన చాప గడప దగ్గరికి ఈడ్చుకుపోయింది.

"ఏం జేస్తున్నవే?"

"నేను బయట పండుకుంట. అవ్వను పంపకు. జాగ లేదని పొద్దుగాల బాపుతోని అన్నవు గద?"

రమ గబుక్కున కూతురి వైపు తిరిగేసరికి చుక్క అత్త చెంప మీద పడింది. ఈదమ్మ కొంగుతో తుడుచుకుంది.

"ఇంకో చుక్క ఎయ్యి బిడ్డా, పక్కకు వడ్డది."

తెల్లారి ఈదమ్మ సంచి పట్టుకుని బస్సెక్కింది. అమరేందర్ ఎంత ఆపినా వినలేదు. ఆమె వెళ్లాక రమ కోపం పట్టలేక మనీషను కొట్టింది.

ఆదివారం రమ కేతేపల్లి వెళ్లింది. ఈదమ్మ అరుగు మీద కూర్చుని పక్కింటామెతో మందు వేయించుకుంటోంది.

"తప్పయింది అత్తమ్మా. పోదాం రా."

"నేను రాను బిడ్డా. జాగ లేంది నిజమే గద. నాకు కోపం లేదు. పిల్లనైతే ఏమనకు, దానికేం తెల్సు?"

కొట్టానని చెప్పడానికి రమకు నోరు రాలేదు. తల వంచుకుని బస్సెక్కింది.

ఇంటికి రాగానే కూతుర్ని దగ్గరికి తీసుకుంది. "నిన్ను కొట్టుడు నాదే తప్పు" అంది. మనీష తలూపింది.

కానీ ఆ రోజు నుంచి, అమ్మానాన్నలు గొంతు తగ్గించి మాట్లాడుకోవడం మొదలుపెడితే చాలు, ఆ పిల్ల గోడ వైపు తిరిగి రెండు చేతులతో చెవులు మూసుకుంటుంది. అది చూసినప్పుడల్లా రమ మాట మధ్యలోనే ఆగిపోతుంది.