కంప్యూటర్‌లో కట్టిన బాన్సువాడ

మా వెనకింటి అంబిక ఎర్ర స్కూటీ తీసిందంటే బిచ్కుంద దాకా కుక్కలన్నీ లేచి దారి ఇస్తాయి. మొరిగితే బండి ఆపి వాటి వయసెంత, నోట్లో పుండ్లున్నాయా అని అడుగుతుందని వాటి భయం. కుక్కల సంగతి నేను కలిపిందే. మిగతాదంతా జరిగిందే. నాదే కల్పనైతే ఇంతకన్నా మంచి ముగింపు పెట్టి ఉండేవాణ్ణి.

అంబిక తల్లి గంగమణి బీడీలు చుట్టేది. ఆమె ఒళ్ళో చాట పెట్టుకుని తునికాకు కత్తిరిస్తుంటే పక్కన కూచుని పాఠాలు చదువుకున్న పిల్ల అంబిక. డిగ్రీ అయ్యాక కొన్నాళ్ళు సెల్‌ఫోన్ల దుకాణంలో పనిచేసింది. అప్పుడే హైదరాబాద్ నుంచి సృజన్ అనే పరిశోధకుడు వచ్చాడు. నోటి క్యాన్సర్ మీద అతనికి ఏదో గ్రాంటు దొరికింది. ఇల్లిల్లూ తిరిగి మనుషుల అలవాట్లు అడిగి ఫోన్‌లో ఎక్కించే పని అంబికకు ఇచ్చాడు.

మొదటిసారి వచ్చినప్పుడు సృజన్ మా అరుగు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాడు.

"ఇది మీ బాన్సువాడేనండీ, చుట్టుపక్కల మండలాలతో సహా. ఇందులో మనుషులు పుడతారు, పెరుగుతారు, పొగాకు నములుతారు, కొందరికి జబ్బు వస్తుంది. నోటి పరీక్షలు చేసే బండి ఏటా వస్తే ఎందరు బతుకుతారో, రాకపోతే ఎందరు పోతారో ఇందులో ముందే చూడొచ్చు. దాన్ని బట్టి బండి ఎటు పంపాలో పైవాళ్ళు నిర్ణయిస్తారు."

"అంటే లేని ఊరు, లేని మనుషులు. గిట్లాంటిదానికి పైసలిస్తరా?" అన్నాను.

"ఇస్తారండీ."

"పుట్టిన కాడికెల్లి నేను గిదే పని చేస్తున్న. ఒక్కడు చాయ్ పోసిన పాపాన పోలే."

అంబిక పకపకా నవ్వింది. "తాతా, నీ కతల ఊర్ల మంజీర మొసళ్ళు సైకిల్ తొక్కుతయి. సార్ ఊర్ల అన్ని లెక్క ప్రకారం ఉంటయి."

ఆ లెక్కలు అంబిక తెచ్చే జవాబుల నుంచే రావాలి. ఎండలో, వానలో తిరిగింది. పెద్ద కొడప్‌గల్ దగ్గర ఒక పల్లెలో చాంద్రి అనే ఆవిడ గడపలో కూర్చుని, చూపుడువేలితో చిగుళ్ళకు నల్లటి పొడి రుద్దుకుంటోంది.

"తంబాకు నమల్తవా అక్కా?" అని అంబిక అడిగింది.

చాంద్రి ఆ నల్ల నీళ్ళు పక్కకు ఉమ్మి, "ఛీ! నేనెందుకు నమల్త? గది మొగోళ్ళ పని" అంది.

అంబిక 'లేదు' అని నొక్కి పక్కింటికి పోయింది.

బీడీలు చుట్టే ఇళ్ళలో మిగిలిన తంబాకు పొట్టును ఆడవాళ్ళు పారెయ్యరు. పెంకు మీద నల్లగా మాడ్చి, మెత్తగా నూరి, డబ్బాలో పోసుకుంటారు. పొద్దున ఒకసారి, అన్నం తిన్నాక ఒకసారి, పని మధ్యలో నిద్ర వస్తే ఇంకోసారి చిగుళ్ళకు పెట్టుకుంటారు. దాన్ని అందరూ పండ్లపొడి అంటారు. పొగాకు అని ఎవరూ అనుకోరు. ఆ మాడు వాసనలోనే పెరిగిన అంబిక కూడా అనుకోలేదు. ఆమెకు అది సబ్బుతో, కొబ్బరినూనెతో పాటు గూట్లో ఉండే వస్తువు.

లెక్కలు కంప్యూటర్‌లోకి వెళ్ళాయి. లోపలి బాన్సువాడలో మగవాళ్ళ నోళ్ళు పాడయ్యాయి గానీ ఆడవాళ్ళ నోళ్ళు పాలతో కడిగినట్టు వచ్చాయి. బండి మరో జిల్లాకు ఎక్కువ అవసరమని, మా వైపు చాలా ఏళ్ళకు ఒకసారి వచ్చినా సరిపోతుందని తేలింది. సృజన్ నివేదిక పంపాడు. గ్రాంటు గడువు ముగిసింది. అంబికకు మెచ్చుకోలు పత్రం ఇచ్చి వెళ్ళాడు.

ఆ చలికాలంలో గంగమణి కారం ముట్టడం మానేసింది. పచ్చిపులుసు కూడా మండుతోందంటే అంబిక దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరమ్మ బుగ్గ లోపల తెల్లమచ్చను, దాని పక్కనే దవడ దాకా పాకిన పుండును చాలాసేపు చూసింది.

"తంబాకు అలవాటుందా?"

"లేదమ్మా" అంది గంగమణి.

"మరి పండ్లకు ఏం పెడ్తవ్?"

గంగమణి కొంగు ముడి విప్పి డబ్బా చూపించింది. డాక్టరమ్మ మూత తీసి వాసన చూసింది. ఆమె ఏమీ అనకముందే అంబికకు అర్థమైంది. ఎన్ని గడపల ముందు నిలబడి, నల్లటి పళ్ళను చూస్తూ 'లేదు' అని నొక్కిందో!

దవాఖాన మెట్ల మీద నుంచే సృజన్‌కు ఫోన్ చేసింది. "సార్, తప్పయింది. నా కండ్ల ముంగటే ఉండె. నేను చూడలే."

అతను తిట్టలేదు. అడగాల్సిన ప్రశ్న తనకూ తట్టలేదన్నాడు. పండ్లపొడిని పొగాకు కింద వేసి ఉజ్జాయింపుగా ఆ ఊరిని మళ్ళీ నడిపాడు. ఈసారి లోపలి బాన్సువాడలో ఆడవాళ్ళు రాలిపోయారు. కానీ ఉజ్జాయింపును ఎవరూ ఒప్పుకోరు, మళ్ళీ సర్వే చెయ్యాలి. సర్వేకు కొత్త గ్రాంటు కావాలి. దరఖాస్తు పెట్టాడు.

ఈలోగా గంగమణికి హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది. కింది దవడ సగం తీసేశారు. ఏడాది ముందు చూసి ఉంటే మచ్చ ఒక్కటే తీసేవాళ్ళమని అక్కడి డాక్టర్ అన్నాడు. బండి ఏటా వచ్చి ఉంటే చూసేది ఆ మచ్చనే.

మొన్న పెరటి గోడ దగ్గర నేను గంగమణితో మాట్లాడుతుంటే పక్కనున్న అంబికకు సృజన్ ఫోన్ వచ్చింది. దరఖాస్తు తిప్పి పంపారట. ఈ ప్రాంతపు ఆడవాళ్ళలో సమస్య తక్కువని ముందటి నివేదికే చెబుతోంది కాబట్టి, ఇక్కడ మళ్ళీ ఖర్చు అవసరం లేదన్నారట. ఆ నివేదిక తప్పని చూపడానికే డబ్బు అడిగామని అతను ఎంత చెప్పినా వినలేదట. అంబిక ఫోన్ పెట్టేసింది.

"ఏమన్నడే సారు?" అంది గంగమణి. ఇప్పుడామె మాట సగమే బయటికొస్తుంది. మిగతా సగం మనం అందుకోవాలి.

"ఏం లేదమ్మా. బండి రాదంట."

గంగమణి కొంగుతో మూతి తుడుచుకుంది. "బిడ్డా, గా కంప్యూటర్ల ఊర్ల నేను గూడ ఉన్ననా?"

"నీ అసుంటోళ్ళు మస్తుమంది ఉన్నరు."

"ఎట్లున్నరు?"

అంబిక నా వైపు చూసింది. జీవితంలో మొదటిసారి నాకు ఒక్క అబద్ధమూ తోచలేదు.

"మంచిగున్నరమ్మా. బీడీలు చుట్టుకుంట, కారం తినుకుంట, అందరు మంచిగున్నరు."

గంగమణి డబ్బా లేని కొంగు చివర తడుముకుంది.

"అయితే గా ఊరోళ్ళకన్నా చెప్పరాదే, గా పొడి పెట్టుకోవద్దని" అంది.