తప్పుకోవలసిన చోట తప్పుకోని పిల్ల

తెల్లవారగానే లోకం సూర్యునికి మొక్కుతుంది. ఆయనకన్న ముందే ఆకాశానికెక్కి, ఆ వేడినంతా వీపున మోస్తూ రథం తోలేవానికి మొక్కేవారు అరుదు. ఇరవై రెండేళ్ళ చువ్వ బతుకుతెరువు సరిగ్గా ఆ సారథి కొలువు వంటిది.

చువ్వ ఆమె అసలు పేరు కాదు. సన్నగా, నిటారుగా, వంచితే వంగనన్నట్టుండే ఆ పిల్లకు మైదానంలో తోటివారు పెట్టిన పేరది. రానురాను తల్లి నోట కూడా అదే స్థిరపడిపోయింది. దాదాపు నాలుగు చుట్లుండే పదిహేను వందల మీటర్ల పందెంలో ఆమె పేసర్. అంటే, తుపాకి పేలగానే అందరికన్న ముందు నిలిచి, ఎదురుగాలిని రొమ్ముతో చీల్చుకుంటూ, కోచ్ నిర్ణయించిన వేగానికి వెంట్రుకవాసి తేడా రాకుండా రెండు చుట్లు పరుగెత్తాలి. ఆ చాటున వచ్చే పెద్ద అథ్లెట్‌కు బలం మిగులుతుంది. రెండు చుట్లు కాగానే పేసర్ లోపలి పచ్చికలోకి తప్పుకోవాలి. మిగిలిన పరుగూ, జనం కేకలూ, పతకమూ వెనుక వచ్చేవారివి.

తల్లి దర్జీ. మెట్ల కింది ఇరుకు గదిలో ఒక కుట్టుమిషను, గోడకు కొట్టిన చెక్క మీద దారపు కండెలు, బల్ల కింద ఎన్నడూ తరగని గుడ్డముక్కల గుట్ట. ఒకే ఒక్కసారి ఆమె పని కట్టిపెట్టి కూతురి పందెం చూడబోయింది. అందరికన్న ముందున్నది తన బిడ్డేనని తెలిసి, ముక్కూమొహం తెలియని పక్కవారి భుజాలు పట్టి ఊపింది. అంతలో బిడ్డ పచ్చికలోకి తప్పుకొని, నడుము మీద చేతులు పెట్టుకొని నిలబడిపోయింది. కాలు విరిగిందనుకొని తల్లి లబోదిబోమంటూ కంచె దాటబోతే కాపలా మనిషి అడ్డుకున్నాడు.

"ఏం కాలేదమ్మా! ఆమె పనే అది. అక్కడిదాకానే."

"అక్కడిదాకా ఏంటయ్యా? సగం కుట్టిన చొక్కా చేతిలో పెడితే నా కొట్టుకి మళ్ళీ ఎవడైనా వస్తాడా?"

ఆ మాటకు కాపలా మనిషి నవ్వాడు. తర్వాత ఆ మాట విని చువ్వ నవ్వలేకపోయింది. మూడేళ్ళుగా ఆమె ఏ పందెంలోనూ ముగింపు గీత దాటలేదు. జాతీయ జట్టు ఎంపికలు చూసే పెద్దమనిషి వద్దకు వెళ్ళి అడిగితే ఆయన మెత్తగానే చెప్పాడు: "నీ వేగం చూశానమ్మా, బాగుంది. కానీ చివరిదాకా పరుగెత్తిన పందెం ఒక్కటీ లేదే! ఏం చూసి తీసుకోమంటావు?" ఆ ఒక్క పందెం ఇప్పించమని కోచ్‌ను వేడుకుంటే, ఆయన ప్రతిసారీ ఒకే జవాబు చెప్పేవాడు: "వచ్చే సీజన్ చూద్దాంలే. ముందు మెరుపు సంగతి కానీ."

మెరుపు ఆ ఊరి బిడ్డ; చువ్వ చాటున పరుగెత్తేది ఆమే. అభిమానులు తమ చొక్కాల మీద రాయించుకునే పేరు. సొంత మైదానంలో ఆమె ఓడి ఎరుగదు. చెడ్డ మనిషి కూడా కాదు. చువ్వను ఈ పనిలో పెట్టించింది ఆమే. తొడిగి పక్కన పెట్టిన బూట్లు శుభ్రం చేయించి మరీ ఇచ్చేది. దయగలవారి వద్ద పని చేయడంలో ఒక చిక్కున్నది: కోపగించుకుందామంటే కారణం దొరకదు.

ఆ సాయంత్రం పందెం ముందు దుస్తులు మార్చుకునే గదిలో మెరుపు బూటు ముడి బిగిస్తూ అన్నది: "ఏమే చువ్వా, గాలి చూశావా? అవతలి మలుపులో మొహం మీద కొడుతోంది. కాస్త అడ్డంగా ఉండవే తల్లీ."

"అడ్డం ఉండటానికి నా దగ్గరేముందక్కా? నేను దారప్పోగుని, నువ్వు దుప్పటివి."

"నోరు చూడు దీనికి! నా వీపు దుప్పటంత ఉందా?"

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు చల్లారకముందే చువ్వ ధైర్యం కూడగట్టుకున్నది. "అక్కా, ఈ ఒక్కసారి నన్ను చివరిదాకా..."

"రెండు చుట్లు," అన్నాడు గుమ్మంలోంచి కోచ్. "నేను చెప్పిన వేగం. వెనక్కి చూడొద్దు. తర్వాత తప్పుకో. ఊరంతా మెరుపుని చూడ్డానికొచ్చింది. ఇవాళ వేషాలొద్దు."

మెరుపు తల వంచుకొని రెండో బూటు ముడి వేసుకున్నది.

తుపాకి పేలింది. చువ్వ ముందుకు వెళ్ళింది, అలవాటుగా. తక్కినవారంతా మెరుపును చూస్తున్నారు; మెరుపు గాలిని చూస్తున్నది. బలం దాచుకొని ఆఖరి మలుపులో విజృంభిద్దామని ఆమె మందగించింది. ఆమె మందగిస్తే గుంపంతా మందగించింది. పేసర్ ఎంత ముందుకు పోతే ఎవరికేమి? సంతలో దండోరా వేసేవాణ్ణి ఎవరు తరుముతారు? ఎలాగూ మధ్యలో తప్పుకొనే మనిషే కదా! చువ్వ మాత్రం చెప్పిన వేగం తప్పలేదు. వేగాన్ని నమ్మకంగా నిలపడమే ఆమె నేర్చిన విద్య.

మొదటి చుట్టు ముగిసేసరికి వెనుక అడుగుల చప్పుడు వినబడటం మానేసింది. మూడేళ్ళలో ఆ చప్పుడు లేని పరుగు ఆమె ఎరుగదు. రెండో చుట్టు మలుపులో కట్టుబాటు తప్పి ఒక్కసారి తల తిప్పింది. మలుపుల మధ్య నేరుగా సాగే నిలువుబాటలో సగమంత దూరాన గుంపు. ఆమెకూ వారికీ మధ్య ఖాళీ ఎర్రని ట్రాక్.

రెండు చుట్లు నిండాయి. తప్పుకొనే చోట పచ్చిక మీద నిలబడే న్యాయనిర్ణేత, ఆమెకు చోటివ్వడానికి ఎప్పటిలాగే రెండడుగులు వెనక్కి వేశాడు. తప్పుకుందామనీ, ఉండిపోదామనీ ఆమె అనుకోలేదు. కాలు లోపలికి తిరగవలసిన చోట తిరగలేదు, అంతే.

"ఓ అమ్మాయ్! అయిపోయింది నీది!" అని ఆయన అరిచాడు.

నిబంధనలలో అడ్డేమీ లేదు. బరిలోకి దిగిన ఎవరైనా గీత దాటవచ్చు, పేసర్ కూడా. కానీ ఆ సంగతి ఎవరికి గుర్తున్నది? ఆఖరి చుట్టు మొదలవుతుందనడానికి ముందున్నవారికి గంట కొట్టాలి. గంట కొట్టే మనిషి ఆమెను దాటిపోనిచ్చి, మెరుపు వచ్చాక కొట్టాడు. ఆ మోతకు గాని మెరుపు కళ్ళు తెరవలేదు. అప్పుడు వచ్చింది ఆమె, పేరుకు తగ్గట్టే వచ్చింది. కరిగిపోతున్న ఆ దూరాన్ని చువ్వ వీపుతోనే చూసింది. చివరి నిలువుబాటలో కాళ్ళు తనవి కావు. ఊపిరి గొంతులో ముల్లులా గుచ్చుకున్నది. మెరుపు శ్వాస మెడ వెనుక తగులుతుండగా ఆమె గీత దాటింది.

మైకులో ప్రకటించే ఆయన "ప్రథమ స్థానం..." అని ఆగాడు. కాగితాలు తిరగేస్తున్న చప్పుడు మైదానమంతా వినబడింది. "ప్రథమ స్థానం, పేసర్," అన్నాడు చివరికి. అప్పుడు లేచింది కేక. కానీ అది జయధ్వానం కాదు. వేలాది గొంతులు ఒక్కటై ఊళలు పెట్టాయి. ఎవరో విసిరిన ఖాళీ నీళ్ళ సీసా ఆమె పాదాల దగ్గర దొర్లింది. మూడేళ్ళలో మొదటిసారి పరుగు పూర్తి చేసినందుకు ఆమెకు అందిన సత్కారం అది.

గదిలో మెరుపు గోడకు తిరిగి కూర్చున్నది. అటు తిరిగే అన్నది:

"ఒక్క మాట చెప్పి ఉంటే వెంటే వచ్చేదాన్ని కదే."

"చెప్తే గెలిచేదాన్ని కాదు కదక్కా."

"అంటే నన్ను మోసం చేశావని ఒప్పుకున్నట్టేగా?"

"మీ అందరికీ కనబడుతూనే పరుగెత్తాను. మీరెవరూ నన్ను మనిషి కింద లెక్కేసుకోలేదు. అది నా మోసమా?"

మెరుపు తిరిగి చూసింది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "గెలిచావే, కాదనను. కానీ ఇంకోసారి గెలువు. నేను నిన్ను చూస్తుండగా గెలువు." ఆ మాటలో తిట్టు లేదు. అందుకే ఎక్కువ నొప్పించింది.

మరునాటి నుంచి ఫోన్లలో చువ్వ పని పట్టారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టిందన్నారు. ఏరు దాటి తెప్ప తగలేసిందన్నారు. చొక్కా తొడుక్కొని పది అడుగులు పరుగెత్తి ఎరుగనివారు సైతం, పేసర్ వెనక్కి చూసి వేగం తగ్గించుకోవాలని ధర్మశాస్త్రాలు వల్లించారు. మెచ్చుకున్నవారూ లేకపోలేదు, వారు మరీ ఘోరం. మెరుపు అంటే గిట్టనివారంతా ఒక్కటై, "పొగరణిగింది! శభాష్ పేసర్!" అని మెరుపు ఏడుస్తున్న బొమ్మను ఊరంతా తిప్పారు. ఆ మెప్పులో చువ్వ పేరు ఎక్కడా లేదు. పత్రికలో పడిన ఫొటోలో కూడా నిండా మెరుపే. అంచున కోసేసిన చోట ఒక సన్నని మోచెయ్యి. తల్లి ఆ మోచేతిని గుర్తుపట్టి, "ఇది నీదేనే! నేను కుట్టిన చొక్కా చెయ్యి అంచే!" అని మురిసింది. మురుస్తూనే కొంగుతో కళ్ళు తుడుచుకున్నది.

ఎంపికల రోజు సాయంత్రం కోచ్ మెట్లు దిగి కొట్టులోకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"జట్టులో నీ పేరు ఉంది. మెరుపు పేరూ ఉంది."

తల్లి మిషను ఆపేసింది. చువ్వ లేచి నిలబడ్డది.

"పెద్ద పోటీల్లో పేసర్లుండరు. కానీ మెరుపు ముందు ఎవరో ఒకరు గాలి ఆపాలి కదా. నిన్ను తీసుకోమని నేనే బతిమాలాను. అక్కడ రెండు చుట్లు ముందుండి, తర్వాత మెల్లగా వెనక్కి జారిపోవాలి. పచ్చికలోకి పోనక్కర్లేదు. గీత దాటుకో, ఎవరు కాదన్నారు?"

"నేనే ముందుంటే, సార్?"

"ఉండవు. అది ఒప్పుకుంటేనే రా."

"మరి మొన్న గెలిచింది ఎందుకు సార్?"

"మొన్న ఎలా గెలిచావో ఊరందరికీ తెలుసు."

తల్లి ఒక్కసారి కూతురి వైపు, ఒక్కసారి కోచ్ వైపు చూసింది. జట్టు బట్టలు, విమాన ప్రయాణం, తెరమీద బిడ్డ ముఖం, అన్నీ ఆమె కళ్ళలో కదిలి ఉంటాయి. అయినా వెళ్ళమని అనలేదు.

"రానని చెప్పండి సార్," అన్నది చువ్వ.

"పిచ్చిదానా! మూడేళ్ళు నువ్వడిగింది ఇదేగా?"

"నేనడిగింది ఇది కాదు సార్. మీరు ఇన్నేళ్ళూ విన్నది ఇదేమో."

ఆయన భుజాలెగరేసి మెట్లెక్కి వెళ్ళిపోయాడు. కొత్త పేసర్‌ను వెతుక్కోవాలి గదా.

వారం తిరగకముందే ఒక కుర్రవాడు, పద్ధతైనవాడే, కొత్త చొక్కా ఒకటి తెచ్చి బల్లమీద పరిచాడు. దాని వీపున మెరుపు పేరు అంటించి ఉన్నది. ఉతికితే ఊడిపోతుందట, చుట్టూ దారంతో కుట్టాలి. పోటీలు మొదలయ్యేలోగా కావాలి. తల్లి కండె ఎక్కిస్తుంటే అతడు ఊరికే ఉండలేక మొదలుపెట్టాడు.

"ఆ పేసర్ సంగతి విన్నారా అత్తా? జట్టులో చోటిస్తే భయపడి రానందట. మళ్ళీ మధ్యలోనే తప్పుకుంది! అలవాటు ఎక్కడికి పోతుంది చెప్పండి?"

తల్లి చేయి చక్రం మీద ఆగిపోయింది. "నువ్వు చూశావా బాబూ ఆ అమ్మాయిని?"

"చూడకేం! అక్కడే ఉన్నాను. గొంతు పోయేలా అరిచాను." కాస్త ఆలోచించాడు. "మొహం గుర్తు లేదులెండి. ఎవరు చూశారు దాని మొహం?"

చువ్వ అతనికి మూడడుగుల దూరంలో గుండీలు ఏరుతున్నది. తల్లి పెదవి విప్పబోయింది. కూతురు తల అడ్డంగా ఊపింది. తర్వాత లేచి, తల్లి చేతిలోంచి చొక్కా తీసుకొని, తానే మిషను ముందు కూర్చున్నది. మొదటి అక్షరం వంపు దగ్గర సూది నిలిపి అడిగింది:

"ఏ రంగు దారం వెయ్యమంటారు?"

"ఎర్రది వెయ్యండి. దూరం నుంచి కనబడాలి."

ఆమె ఎర్ర దారం ఎక్కించింది.