ఉప్పు తగలని కారు

పక్కింటి అంకుల్ పోయారని ఆంటీ ఫోన్ చేసేసరికి నేను డ్రైవ్‌వేలో మంచు తీస్తున్నాను. పార పక్కన పెట్టి ఆయన గరాజ్ వైపు చూశాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఏడుపు కంటే ముందు నాకు అసహ్యం పుట్టింది. అందులో ఉన్న కారంటే నాకంత రోత.

మా ఊరు కనాటాలోనే ఏళ్ల తరబడి టెలికాం ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాక, ఆయన ఎవరో వాడిన బ్రిటిష్ కారు ఒకటి కొన్నారు. రెండే తలుపులు, పొడవాటి ముక్కు, చెక్క డాష్‌బోర్డు, క్రీమ్ రంగు లెదర్ సీట్లు. దూరప్రయాణాలు హాయిగా చేయడానికే తయారైన కారట. చూడటానికి నన్నూ తీసుకెళ్లారు. తలుపు తీయగానే తడిసిన మేజోళ్ల వాసన. స్టార్ట్ చేస్తే మూడు వార్నింగ్ లైట్లు. అమ్మేవాడి వెకిలి నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండింది.

"వద్దంకుల్" అని గొణిగాను.

ఆయన చెక్కని నిమురుతూ, "రిటైరయ్యాక తీసుకెళ్తానని మీ ఆంటీకి మాటిచ్చానయ్యా. ఇద్దరం ఇందులో హాలిఫాక్స్ వెళ్తాం, సముద్రం దాకా" అన్నారు.

వెళ్లలేదు. మొదటి సమ్మరంతా ఏదో పార్టు కోసం ఎదురుచూశారు. రెండో సమ్మర్లో తలుపు సందుల్లోంచి నీళ్లు దిగి కార్పెట్‌కి బూజు పట్టింది. ఇద్దరం పాత టూత్‌బ్రష్‌లతో గోకాం. ఆ కంపు రెండు రోజులు నా చేతుల్ని వదల్లేదు, అన్నం స్పూన్‌తో తినాల్సొచ్చింది. మూడో సమ్మర్‌కి ఆయనకి వానంటే భయం పట్టుకుంది. ఇక చలికాలం సంగతి చెప్పక్కర్లేదు. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, దానికి తుప్పు పడుతుందని దుప్పటి కప్పి ఉంచేవారు. ఆంటీ ఎక్కాలంటే చెప్పులు విప్పాలి, సీటు మీద టవల్ వేసుకోవాలి. "గుడిలో కూడా ఇంత మడి లేదు" అని ఆవిడ మొదట్లో నవ్వేవారు. తర్వాత ఎక్కడమే మానేశారు.

ఆ మనిషే తన పాత వ్యాన్‌ని మాత్రం అడిగినవాళ్లందరికీ ఇచ్చేవారు. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది దాంట్లోనే. హైవే మీద నేను కంగారు పడితే, "ఎగ్జిట్ పోతే ఇంకోటి వస్తుంది, నువ్వు లేన్‌లో ఉండు" అనేవారు. మంచు తుఫానులో మా ఆవిడని కాన్పుకి తీసుకెళ్లిందీ ఆయనే. దారిలోనే ఉమ్మనీరు పోయి సీటంతా తడిసింది. మా ఆవిడ సిగ్గుతో ఏడుస్తుంటే, "సీటుదేముందమ్మా, కడుక్కుంటే పోతుంది" అన్నారు. అలాంటి మనిషి చేత సొంత భార్య కింద టవల్ వేయించింది ఆ కారే! అందుకే దాన్ని క్షమించలేను. ఆయన రుణం మాత్రం తీర్చుకోలేను.

కర్మకాండలయ్యాక ఆంటీ పిలిచారు. "రేపు ఎవరో కొనుక్కుపోతున్నారు. ఒక్కసారి బయటికి తియ్యి బాబూ."

"రోడ్డంతా ఉప్పే ఆంటీ."

"ఉండనీ."

నా కారు బ్యాటరీకి కేబుల్ తగిలించి స్టార్ట్ చేశాను. మూడు లైట్లూ వెలిగాయి. ఆవిడ మంచు బూట్లతోనే ఎక్కి, సీటు మీది టవల్ తీసి వెనక్కి విసిరేసి కూర్చున్నారు.

"ఎక్కడికి?"

"సముద్రం ఎలాగూ లేదు. నది దాకా పోనీ."

నది ఇంకా గడ్డకట్టే ఉంది. ఆవిడ అటు చూసి, చేత్తో సీటు తడిమి, "ఇంత మెత్తగా ఉంటుందా ఇది!" అన్నారు. అప్పుడు ఏడ్చారు.

తిరిగొచ్చేసరికి నల్లటి కారు అద్దాల దాకా ఉప్పుతో తెల్లబడింది. తుడుద్దామని టవల్ అందుకుంటే ఆవిడ నా చేతిలోంచి లాక్కున్నారు. మర్నాడు కొన్నవాడు వచ్చి తలుపు తీసినప్పుడు, కార్పెట్ మీద ఆవిడ బూట్ల అచ్చులు రెండూ ఎండిపోయి తెల్లగా ఉన్నాయి.