పెట్రోలు పైపుకు కట్టిన ఇనుప తీగ

మొన్న నూజివీడులో స్పేరు పార్టుల కొట్టు ముందు అరగంట నిలబడి నేను కొన్నది మూరెడు పెట్రోలు పైపు, రెండు క్లిప్పులు. విస్సన్నపేట బళ్ళో పాఠాలు చెప్పే మా చిన్నమ్మాయి, సోమవారం నుంచి నా పాత మోటారు సైకిలు మీదే వెళ్తానని పట్టుపట్టింది. తీరా చూస్తే టాంకు నుంచి ఇంజనుకు పెట్రోలు దిగే పైపు వంచినచోటల్లా పగిలి ఉంది. కొట్టతను తెల్ల ప్లాస్టిక్కు పైపొకటి, నల్ల రబ్బరు పైపొకటి నా ముందు పడేసి, “ఏదైనా ఒకటే బాబాయ్ గారూ, పెట్రోలు దిగితే చాలదా?” అన్నాడు. చాలదు. చాలితే నాకీ వయసులో ఈ గుండెదడ ఎందుకు?

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మామిడి తోటలో ఏది పాడైనా తోటలో ఉన్నదాంతోనే బాగుచేసుకునేవాళ్ళం. నేను కాపలా ఉన్న తోట ఆసామి, తాను వాడి వదిలేసిన ఈ బండిని నాకిచ్చాడు. దాని పైపు చీలితే, చెట్లకు మందు కొట్టే పంపు గొట్టంలోంచి జానెడు ముక్క కోసి తొడిగి, కాయలు కోసే చిక్కాన్ని గెడకు కట్టే ఇనుప తీగతో రెండు చివర్లా బిగించాను. గెడకు తీగ ఎంత బిగిస్తే చిక్కం అంత గట్టిగా నిలుస్తుంది గనక, ఇక్కడా పట్టకారుతో నాలుగు మెలికలు ఎక్కువే తిప్పాను. నలభై దాటాక అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి, చుట్టూ తిప్పి రాయడం నాకు రాదు. తప్పు నాదే. కర్ర తీగను ఓర్చుకుంటుంది, రబ్బరు తెగుతుంది. మందు గొట్టం పెట్రోలుకు నాని ఉబ్బుతుందన్న సంగతీ నాకప్పుడు తెలియదు.

మా పెద్దమ్మాయి కడుపులో ఉండగా, నెలలు నిండిన మా ఆవిణ్ణి వెనక కూర్చోబెట్టుకుని, డాక్టరమ్మకిద్దామని చిన్నరసం మామిడిపళ్ళు ఎండుగడ్డిలో పేర్చిన బుట్టొకటి పక్కన కట్టుకుని, ఊరి ఆసుపత్రికి బయల్దేరాను. కొంత దూరం పోయాక పెట్రోలు వాసనొస్తోందని ఆవిడంటే, బండన్నాక మల్లెపూల వాసనొస్తుందా అని కసిరాను. రోడ్డు పక్క తోటలో కాయలు ఏరుతున్న కూలీల్లోంచి ఒక ముసలామె పరిగెత్తుకొచ్చి, చేతులు చాపి బండికి అడ్డంగా నిలబడింది.

“ఆపవయ్యా! కారిపోతోంది, కనపడట్లా? ముందు ఆ పిల్లను దించు!”

మా ఆవిడ దిగి పదడుగులు వేసిందో లేదో ఇంజను దగ్గర భగ్గుమంది. బుట్టలో గడ్డి అంటుకుంది. కూలీలంతా గంపలతో మట్టి పోసి ఆర్పారు. మా ఆవిడ చీర కుచ్చిళ్ళు పిండితే పెట్రోలు కారింది. ఆ ముసలామె నా మొహంలోకి చూసి, “గడ్డేసి పెళ్ళాన్ని కూడా మగ్గబెడదామనుకున్నావా?” అంది. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

అందుకే కొట్లో అంతసేపు. లోపల దారపు అల్లిక ఉన్న నల్ల పైపే, అదీ పెట్రోలుకని చేసిందే తీసుకున్నాను. ఇప్పటి పెట్రోల్లో స్పిరిట్టు కలుస్తోందట, పాత రబ్బరు ఆగదట. క్లిప్పులు మాత్రం అంచు రబ్బరును కోయకుండా చుట్టూ సమంగా పట్టేవి ఏరుకున్నాను. రబ్బరు కాస్త నొక్కుకోగానే స్క్రూ ఆపేశాను. ఆపాక, వదులైందేమోనని మళ్ళీ భయం. ఆదివారమంతా ఇంజను తిప్పుతూ, అతుకుల కింద వేలు పెట్టి తడి చూస్తూనే ఉన్నాను.

సోమవారం పొద్దున్నే అమ్మాయి హెల్మెట్టు పెట్టుకుని వెళ్ళిపోయింది. బండి చప్పుడు వినపడనంత దూరం పోయాక కూడా గేటు దగ్గరే నిలబడ్డాను. నా బిగింపు మీద నాకిప్పుడు కొంత నమ్మకముంది, నమ్మకం లేనిది ఆ రోడ్డు మీదే. కార్లు అద్దాలెత్తుకుని పోతాయి, నడిచేవాళ్ళ చెవుల్లో పాటలు. పని మానుకుని పరిగెత్తుకొచ్చి, ఎవరి పిల్లో తెలియని పిల్ల కోసం నడిరోడ్డు మీద చేతులు చాపే మనిషి విస్సన్నపేట దాకా ఒక్కరైనా ఉన్నారో లేదో, ఏ కొట్లో అడిగి తెలుసుకోను?