పదకొండో షీటు

మంగళవారం ఉదయం ఐదు నలభైకి బాగ్‌బేరాలో మా మావయ్య చనిపోయారు. ఆ వారమే శుక్రవారం తేదీతో గోవింద్‌పూర్‌లోని ఒక స్కూలు భవనానికి డ్రాయింగులు వెళ్ళాయి. వాటిలో 'తనిఖీ చేసినవారు' అనే గడిలో మావయ్య పొడి అక్షరాలున్నాయి.

ఆయన డ్రాఫ్ట్స్‌మన్. భవనాల బొమ్మలు గీసే ఒక ప్రైవేటు ఆఫీసులో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేశారు. గీయడం కన్నా సరిచూడడం ఆయనకు ముఖ్యం. ప్లాను మీద అక్కడక్కడ చిన్న సున్నాలుంటాయి, మధ్యలో అడ్డగీత. పై అంకె ఏ బొమ్మ చూడాలో చెబుతుంది, కింది అంకె ఆ బొమ్మ ఏ షీటులో ఉందో. పక్కనున్న బాణం ఎటు తిరిగి చూడాలో చెబుతుంది. సున్నా చెప్పిన చోట బొమ్మ లేకపోతే ఏమవుతుందని ఒకసారి అడిగాను.

"కాయితం దొరకలేదని మేస్త్రీ ఆగడు. తనకి తెలిసింది కట్టీసి పోతాడు" అన్నారు.

రైల్వే క్వార్టర్ల వెనక అద్దె ఇంట్లో, ఆదివారాలు షీట్లు నేల మీద పరిచేవారు. ఏడో తరగతి చదివిన మా అత్త ఒక షీటు ముందు కూర్చుని సున్నాల్లో అంకెలు పైకి చదివేది. ఆయన ఇంకో షీటులో ఆ బొమ్మ వెతికి ఎర్ర పెన్సిలుతో చుక్క పెట్టేవారు. తర్వాత బొమ్మ దగ్గర్నుంచి మళ్ళీ ప్లానుకు వచ్చి చూసేవారు. కూర చల్లారిపోయేది. అత్త విసుక్కునేది గానీ అంకె మాత్రం తప్పు చదివేది కాదు.

నేను పత్రికలో చేరిన కొత్తలో నా వార్త ఒకటి చూపించాను. 'నివేదిక ప్రకారం' అన్న మాట మీద వేలు పెట్టి, ఏ నివేదిక, ఎన్నో పేజీ అని అడిగారు. ఆ తర్వాత ఆ రెండూ తెలియకుండా ఆ మాట రాయలేదు.

కిందటేడు ఆఫీసు వాళ్ళు సరిచూడడానికి షీట్లన్నీ ఇవ్వడం మానేశారు. చివరి పేజీ మీద సంతకం పెడితే చాలన్నారు. ఆయన పెట్టలేదు. ఉద్యోగం మానేసి ఇంటికొచ్చారు.

శనివారం ఆ స్కూలు సైట్ సూపర్‌వైజరు మావయ్యను వెతుక్కుంటూ వచ్చాడు. పోయిన సంగతి అతనికి తెలియదు. బాల్కనీ దగ్గర సున్నాలో పదకొండో షీటు చూడమని ఉంది, చేతిలో ఉన్నవి తొమ్మిదే. గడిలో అక్షరాలు ఎవరివో కనుక్కుని, ఆయన్నే అడుగుదామని వచ్చాడు. అత్త కట్ట తీసుకుని ఒక్కో షీటూ తిప్పింది.

"పదకొండు నేదు బాబూ. పదీ నేదు. వేరే బిల్డింగు బొమ్మ తెచ్చి అతికినారు."

బాల్కనీ కాంక్రీటు లోపల వేసే ఇనప ఊచలు స్లాబు పైభాగంలో పడాలి; అది చూపించాల్సింది ఆ పదకొండో షీటే. కింద వేస్తే అది నిలవదు. ఆ బాల్కనీ మీద నిలబడేది పిల్లలు.

ఆఫీసు యజమానికి ఫోన్ చేశాను. చనిపోయిన మనిషి ఎలా తనిఖీ చేశారని అడిగాను.

"అరే భాయ్, ఫార్మాట్ మే రహ్ గయా. కౌన్ పఢ్‌తా హై?"

పాత నమూనాలో ఉండిపోయిందట. ఎవరు చదువుతారట. అరగంటలో సూపర్‌వైజరు ఫోనుకు పదకొండో షీటు వచ్చింది. అది ఎవరిదో దుకాణం షట్టరు బొమ్మ. దాని మీదా మావయ్య అక్షరాలే. చావు ఇంట్లో కూర్చున్న నాకు ఏడుపు రాలేదు, అసహ్యం వేసింది. ఏడాదిగా ఎన్ని భవనాల మీద ఆ అక్షరాలు వెళ్ళాయో ఆఫీసు చెప్పలేదు.

స్కూలు కార్యదర్శికి బాల్కనీ షీటూ, షట్టరు షీటూ చూపించాను. సోమవారం ఉదయం ఎనిమిదింటికి పోయాల్సిన బాల్కనీ కాంక్రీటు ఆపించారు. అసలు బొమ్మ వచ్చాకే పోత అన్నారు. ఇది రాస్తున్న ఆదివారం సాయంత్రానికి రాలేదు.

ఆ ఆఫీసుకు నేను వెళ్తానంటే అత్త తనూ వస్తానంది. పదకొండో రోజు కాకుండా గడప దాటకూడదని చుట్టాలు అడ్డుపడ్డారు.

"ఆయన ఈ షీట్లు చూణ్ణేదు. చూణ్ణేదని ఆళ్ళ చేత రాయించాల. ఆ తరవాత మీరేటి చెప్తే అది చేత్తాను."

ఆఫీసు సోమవారం పదిన్నరకు తెరుస్తారు. పదింటికి ఆటో చెప్పాను.