విమానాల శివయ్య

శివయ్యకు గడియారంతో పని లేదు. ఆయన రోజంతా విమానాలను బట్టి నడుస్తుంది. పొద్దున చెన్నై విమానం పోతే లేస్తాడు, బెంగళూరుది పోతే టీ తాగుతాడు, మధ్యాహ్నం ఢిల్లీది తల మీదుగా దిగితే కంచం ముందు కూర్చుంటాడు. ఎన్నింటికి రమ్మంటావని ఎవరైనా అడిగితే, ముంబైది పోయినంక రమ్మంటాడు. అడిగినవాడికి ఆ విమానం ఎప్పుడు పోతుందో తెలియకపోతే, శంషాబాద్‌లో ఇల్లు కట్టుకుని ఇన్నేళ్లుగా ఏం చేస్తున్నావని జాలిగా చూస్తాడు.

మంఖాల్ దారిలో ఉన్న సూర్యోదయ కాలనీ మీదుగానే విమానాలు దిగుతాయి. ఎంత కిందుగా దిగుతాయంటే, డాబా మీద బట్టలు ఆరేస్తున్న ఆడవాళ్లు తల వంచుకుంటారు. శివయ్య మాత్రం కళ్లు మూసుకుని, చప్పుడు విని, అది ఏ ఊరిదో చెప్పేస్తాడు. వాళ్ల నాన్న జొన్న వేసిన చెలక ఇప్పుడు రన్‌వే కింద ఉందట. "మా చెల్కల దిగుతయ్, నాకు తెల్వదా?" అంటాడు. ఒకప్పుడు ఆ చెలకలో మేసిన గొడ్ల గురించి మాట్లాడినట్టే విమానాల గురించీ మాట్లాడతాడు. ఇది నెమ్మదస్తురాలు, అది జర పొగరుమోతుది అని వాటికి గుణాలు కూడా చెబుతాడు.

ఒక చలికాలం పొగమంచు పట్టి రెండు రోజులు పొద్దుటి విమానాలు ఆగిపోయాయి. శివయ్య బీపీ మాత్ర కూడా ఆగిపోయింది. కళ్లు తిరిగి పడబోతే భార్య ముత్తమ్మ దవాఖానకు తీసుకుపోయింది. మాత్ర ఎందుకు వేసుకోలేదని డాక్టరు అడిగితే, "ఇమానం రాలె సార్" అన్నాడు. ఈయన మందు ఏ విదేశం నుంచో తెప్పించుకుంటున్నాడనుకున్న డాక్టరు, అంత దూరం ఎందుకయ్యా, ఆరాంఘర్‌లో కూడా దొరుకుతుంది కదా అని ఓదార్చాడు.

కాలనీలో ఎవరు ఏం మాట్లాడుతున్నా, విమానం దగ్గరికి వస్తే శివయ్య భుజం మీది ఆకుపచ్చ తువ్వాల పైకెత్తుతాడు. అందరూ నోరు మూసుకోవాలి. విమానం దాటిపోయాక తువ్వాల దించుతాడు, అప్పుడు మాట్లాడుకోవచ్చు. ఒకసారి నీళ్ల ట్యాంకరు దగ్గర రేఖ, మంజుల జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. తువ్వాల లేచింది. ఇద్దరూ ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఆగిపోయారు. విమానం పోయాక మంజులకు తను ఏమంటోందో గుర్తు రాలేదు. "యాడిదాక వచ్చినం?" అని రేఖనే అడిగింది. "పైపు నేనే ముందల వెట్టిన అని నువ్వంటున్నవ్" అని రేఖ అందించింది. ఇక ఆ తగువు ముందుకు సాగలేదు.

ఇలాంటి మనిషి మీద పీకల దాకా కోపం ఉన్నది ఆ కాలనీలో ఒక్కరికే. ఆమె లలితకుమారి.

లలితకుమారిది కాకినాడ. బీమా ఆఫీసులో సూపరింటెండెంటు. చిన్నప్పుడు ఎనిమిదేళ్లు సంగీతం నేర్చుకుంది. ఆ ఎనిమిదేళ్ల సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు, కాలనీలో ఇంకా బాగా తెలుసు. ప్రతి ఉగాది సాయంత్రం కాలనీ పార్కులో వసంతోత్సవం జరుగుతుంది. పిల్లల పద్యాలు, పెద్దల కవితలు, కుర్చీలాట, చివర్లో పులిహోర. అందులో లలితకుమారి పాట తప్పనిసరి.

పాటను మధ్యలో తువ్వాల ఎత్తి ఆపడం బాగుండదు కనుక, ఎవరు ఎప్పుడు స్టేజీ ఎక్కాలో ముందే లిస్టు వేసే పని కమిటీ శివయ్యకు అప్పజెప్పింది. విమానాల సంగతి ఆయనకు తెలిసినంత ఇంకెవరికి తెలుసు? విమానం లేని సందుల్లో అందరినీ సర్దుతాడని కమిటీ నమ్మకం.

మరి నాలుగు ఉగాదులుగా లలితకుమారి చరణం ఎత్తుకుని, పై స్థాయికి వెళ్లి, కుడిచెయ్యి గాల్లోకి లేపిన క్షణానికి సరిగ్గా దుబాయ్ విమానం ఎందుకు వస్తున్నట్టు? అన్నిటిలోకీ పెద్దది, అన్నిటికన్నా గట్టిగా అరిచేది అదే. జనానికి ఆమె తెరిచిన నోరు కనిపించేది, లేచిన చెయ్యి కనిపించేది. విమానం వెళ్లిపోయేసరికి పాట చివరి పల్లవిలో ఉండేది. చప్పట్లు మాత్రం బ్రహ్మాండంగా కొట్టేవారు. విమానమే చక్కగా పాడినట్టుంది అని మొదటి ఏడు భర్త నరసరాజు ఒక మాట అన్నాడు. ఆ పూట ఆయన భోజనం పెరుగు దాకా రాకుండానే ముగిసింది.

పోయిన ఏడు మరీ అన్యాయం. ఆమెను స్టేజీ మీద నిలబెట్టి శివయ్య పరిచయం మొదలుపెట్టాడు. ఆమె ఊరు, వాళ్ల నాన్న ఉద్యోగం, ఆఫీసులో ఆమెకున్న మంచిపేరు, పెరట్లో వేసిన గోంగూర, ఆ గోంగూర ఎంత లేతగా ఉంటుంది... ఆరు నిమిషాలు మాట్లాడాడు. మాట్లాడుతున్నంతసేపూ కళ్లు తూర్పువైపే ఉన్నాయి. అక్కడ ఆకాశంలో చిన్న దీపం కనిపించగానే, "ఇగ పాడుతది" అని మైకు చేతిలో పెట్టి దిగిపోయాడు. ఆ దీపమే దుబాయ్ విమానమై చరణం టైముకు నెత్తి మీదికి వచ్చింది.

ఇది కావాలని చేస్తున్నదే అని లలితకుమారి తేల్చుకుంది. కారణం కూడా ఆమెకు తెలుసు. అయిదేళ్ల కింద పార్కులో శివయ్య ఆరబోసిన ఎర్ర మిరపకాయలను కమిటీకి చెప్పి ఎత్తించింది తనే.

నాలుగేళ్లు ఓర్చుకుంది గానీ ఈ ఏడు ఓర్చుకునే వీల్లేదు. కొడుకు దుర్గేష్‌కు సంబంధం కుదిరింది. కాబోయే కోడలి తల్లి కావేరి గారు మైలార్‌దేవ్‌పల్లిలో పాతికేళ్లుగా పిల్లలకు సంగీతం నేర్పుతున్నారు. నిశ్చితార్థంలో మాటల మధ్య లలితకుమారి తన ఎనిమిదేళ్ల సంగతి చెప్పనే చెప్పింది. "అయితే ఉగాదికి వచ్చి వింటాను వదిన గారూ" అన్నారావిడ. సంగీతం తెలిసిన వియ్యపురాలి ముందు విమానంతో పాడించుకోవడం ఎంత అవమానం? తన పాట మొదటి నుంచి చివరి దాకా, ఒక్క అక్షరం పోకుండా ఆవిడ చెవిన పడాలి. అంతే.

లలితకుమారి ఫోన్లో విమానాలు చూపించే యాప్ ఎక్కించుకుని, కమిటీని ఒప్పించి, నేరుగా శివయ్య ఇంటికి వెళ్లింది.

"ఈసారి లిస్టు నేను వేస్తున్నాను శివయ్య గారూ. ఏడుంబావు నుంచి పది నిమిషాలు ఒక్క విమానం కూడా లేదు. నా పాట అప్పుడే."

శివయ్య మొహంలో రంగు మారింది. "గప్పుడు వద్దక్కా" అన్నాడు.

"ఎందుకు వద్దు?"

"వద్దంటున్న గదా. జర నా మాట ఇనుండ్రి."

"మిరపకాయల సంగతి ఇంకా మనసులో పెట్టుకున్నారా?"

"గవి ఎప్పుడో తినేసినం అక్కా" అన్నాడు శివయ్య. ఇంకేదో చెప్పబోయి, తల గోక్కుని, ఊరుకున్నాడు. ఓడిపోయిన మనిషి మాటలు అట్లాగే ఉంటాయని లలితకుమారి అనుకుంది.

ఉగాది సాయంత్రం పార్కు నిండిపోయింది. మొదటి వరసలో కావేరి గారు కూర్చున్నారు. పక్కనే ఇస్త్రీ చొక్కాలో నరసరాజు. లలితకుమారి లిస్టు దివ్యంగా నడిచింది. ఒక్కరి మాటకూ విమానం అడ్డు రాలేదు. కాలనీ అధ్యక్షుడి ఉపన్యాసం పద్దెనిమిది నిమిషాలూ అందరికీ స్పష్టంగా వినిపించింది. ఏటా ఆయన ఉపన్యాసంలో రెండు విమానాలు పోయేవి. అవి ఎంత మేలు చేస్తున్నాయో జనానికి ఆ రోజే తెలిసింది.

తర్వాత అరుణ్‌కుమార్ కవిత చదివాడు. ఏటా చేతులు ఊపుతూ దర్జాగా చదివే మనిషి, ఈసారి తన గొంతు తనకే వినిపించేసరికి బెదిరిపోయి సగంలో కాగితం మడిచేశాడు. ఆ తర్వాత అఖిల ఎక్కింది. ఎనిమిదేళ్ల పిల్ల, రెండేళ్లుగా పద్యం చెప్పి బహుమతి తీసుకుంటోంది. మొదటి పాదం చెప్పింది, రెండోది చెప్పింది. మూడో పాదం దగ్గర ఆగింది. పార్కంతా నిశ్శబ్దం. ఎవరో పిల్లలు కిసుక్కున నవ్వారు. అఖిల ఏడుస్తూ స్టేజీ వెనక్కి పరిగెత్తింది.

లలితకుమారి వెంటనే వెనక్కి వెళ్లింది. అక్కడ శివయ్య మోకాళ్ల మీద కూర్చుని, ఆకుపచ్చ తువ్వాలతో పిల్ల మొహం తుడుస్తున్నాడు.

"పోయినేడు గూడ గాడనే మర్సినవ్ గదా బిడ్డా. ఎవ్వలకన్న తెల్సిందా?"

"అప్పుడు ఇమానం పెట్టినవ్" అంది అఖిల వెక్కుతూ. "ఈసారి ఎందుకు పెట్టలేదు తాతా?"

లలితకుమారి ఆ మాట వింది. విమానాలను తప్పించడానికే లిస్టు అని కమిటీ అనుకుంది, తనూ అనుకుంది. అరుణ్‌కుమార్ దర్జా, ఈ పిల్ల బహుమతులు, అన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. అన్నిటికన్నా చివరగా, అర్థం కాకుంటే బాగుండునని అనిపించినది కూడా అర్థమైంది.

"మరి నా పాటకో, శివయ్య గారూ?"

శివయ్య తువ్వాలను నాలుగు మడతలు వేశాడు, మళ్లీ విప్పాడు. "మీది పెద్ద గొంతక్కా. చిన్న ఇమానాలు దానికి సరిపోవ్. గందుకే దుబాయ్‌ది."

"నిజం చెప్పండి."

"పైకి పోయేకాడ గొంతు జర పలుగుతది" అన్నాడు చాలా మెల్లగా. "ఒక్క గాడనే. మిగతాదంత మస్తుంటది."

నాలుగేళ్ల కోపం ఎటు పోయిందో తెలియలేదు. సిగ్గు వేసింది, ఆ వెనకే నవ్వొచ్చింది. ఆరు నిమిషాలు గోంగూర గురించి మాట్లాడిన మనిషి మీద చెప్పలేనంత ఇష్టం కలిగింది. తన కోసం ఇంత కష్టపడి, తిట్లు తిని, ఒక్కనాడూ నోరు విప్పలేదు.

"ఇప్పుడు గూడ ఏం మించిపోలె" అన్నాడు శివయ్య ఉత్సాహంగా లేచి. "దుబాయ్‌ది ఏడున్నరకు వస్తది. గప్పటిదాక మైకు నేను వట్టుకుంట. మీ గురించి చెప్పేది ఇంక మస్తున్నది."

స్టేజీ అవతల మొదటి వరసలో వియ్యపురాలు కళ్లద్దాలు తుడుచుకుని, పాట వినడానికి సర్దుకుని కూర్చున్నారు. దుబాయ్ విమానం దాకా ఆగితే పరువు దక్కుతుంది. ఆ తర్వాత పెద్ద విమానం ఇక లేదు. లలితకుమారి అఖిల వైపు చూసింది. పిల్ల ఇంకా వెక్కుతూనే ఉంది, అదీ తన లిస్టు వల్లే.

"ఆ విమానం అఖిలకు పెట్టండి" అంది.

"మరి మీరు?"

"నేను ఇప్పుడే పాడతాను. ఎనిమిదేళ్లు నేర్చుకున్నాను, ఆ మాత్రం నిలబడలేనా?"

కొంగు బిగించి స్టేజీ ఎక్కింది. పల్లవి హాయిగా సాగింది. కావేరి గారి వేళ్లు మోకాలి మీద తాళం వేస్తున్నాయి. చరణం వచ్చింది. లలితకుమారి పైకి వెళ్లింది, చెయ్యి లేపింది. ఆకాశం ఖాళీగా ఉంది. గొంతు శివయ్య చెప్పిన చోటే, చెప్పినట్టే పగిలింది. ఒక ముక్క పైకి పోయింది, ఇంకో ముక్క కిందే ఉండిపోయింది. కావేరి గారి వేళ్లు ఆగాయి. లలితకుమారి మాత్రం ఆగలేదు. కిందున్న ముక్కను పట్టుకుని, దర్జాగా దిగి, పాటను చివరిదాకా నడిపించింది. ఆ పాటలో చరణం ఒకటుందని కాలనీకి మొదటిసారి తెలిసింది. నరసరాజు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఈసారి ఏ మాటా అనలేదు.

తర్వాత శివయ్య మైకు తీసుకుని అఖిల గురించి, వాళ్ల బడి గురించి, ఆ బడి బాట మీది గుంతల గురించి మాట్లాడుతూ తూర్పున దీపం కనిపించేదాకా లాగాడు. పిల్ల భుజం తట్టి ముందుకు పంపాడు. అఖిల మొదటి రెండు పాదాలు ఖంగుమని చెప్పింది. మూడో పాదానికి దుబాయ్ విమానం పార్కును ఊపేసింది. దాని కింద అఖిల చేతులు తిప్పుతూ, కళ్లు మెరిపిస్తూ ఏదో చెప్పింది. చప్పుడు తగ్గేసరికి దండం పెడుతోంది. పార్కంతా లేచి చప్పట్లు కొట్టింది.

ఇక సంగీతం టీచరు గారు కూడా ఒక పాట పాడాలని అధ్యక్షుడు మైకులో కోరాడు. కావేరి గారు లేచి స్టేజీ పక్కకు వచ్చారు. అక్కడ లలితకుమారి, శివయ్య నిలబడి ఉన్నారు. చరణం గురించి తనే ముందు చెప్పేద్దామని లలితకుమారి నోరు తెరిచింది. అంతలో కావేరి గారే ఆమె చెయ్యి పట్టుకున్నారు. 

"ఆ చోట నాకూ అంతేనండి వదిన గారూ. పాతికేళ్లుగా పిల్లలకు నేర్పుతున్నాను గానీ, ఒక్కసారి కూడా స్టేజీ ఎక్కలేదు. మీ ధైర్యం నాకు లేదు."

లలితకుమారి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. మొదటి వరసలో కూర్చుని, దీపం చూసి పిల్లను పంపడం దాకా అంతా గమనించిన కావేరి గారు శివయ్య వైపు తిరిగి గొంతు తగ్గించారు.

"ఆ పాపకు పెట్టారే, అలాంటిది ఇంకొకటి ఉందాండీ?"

శివయ్య తూర్పుకు తిరిగి, కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, చాలాసేపు చూశాడు.

"విజయవాడది ఉందమ్మా. గని చిన్నది" అన్నాడు. "మీరే జర మెల్లగ పాడాలె."